లాంప్ ఆకారం తర్వాత చూద్దాం, ముందు వెలుగు ఎవరికో చెప్పు

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లెటూరు. డిజైన్ కోర్సు రెండో సంవత్సరం. మా సార్ చేత్తో చేసిన లాంప్ ఒకటి తయారు చెయ్యమన్నాడు. మూడు వారాలు టైమ్, ఖర్చు పదిహేను వందలు దాటకూడదు, రెడీమేడ్ షేడ్ వాడకూడదు, మన ప్రాంతం కనపడాలంట. సెలవలకి ఇంటికొచ్చి మూడు స్కెచ్‌లు వేశా. ఒకటి రొయ్య, ఇంకోటి రంగనాయకుల గుడి గాలిగోపురం, మూడోది మైపాడు పడవ. ఏది చెయ్యాలో తేలట్లేదు. వైరింగ్ అంటే భయం. మా నాయనేమో ఇంత ఫీజు కట్టింది కరెంటోడి పని నేర్చుకునేదానికా అంటున్నాడు. రాత్రిళ్ళు కూర్చుని వేద్దామంటే పక్కనే మా అమ్మ మిషన్ కుడతా ఉంటది, సూదిలో దారం ఎక్కించాల్సి వచ్చినప్పుడల్లా నా ఫోన్ లైట్ అడుగుతుంది, నా పని సాగదు. కాస్త దారి చూపించక్కా.

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మొదటిసారి రొయ్య దగ్గర నవ్వొచ్చింది, ఏమనుకోబాక, నెల్లూరు అనంగానే రొయ్య, చేపల పులుసు, మొలగొలుకులు, ఇవి మనందరికీ నోట్లోంచి ముందొచ్చేవే, నేనూ నీ వయసులో చేప ఆకారంలో లాంప్ చేసినదాన్నే. వెదురు దబ్బలతో చేప కట్టి గాలిపటం కాగితం అతికించి లోపల అరవై వాట్ల పాత బల్బు పెట్టా. ముప్పావు గంటకి చేప పొట్ట దగ్గర కాగితం గోధుమ రంగుకి తిరిగింది, కాలిన వాసన. దాన్ని ఆర్పేసి చల్లారనిచ్చి ఫ్యాను వేస్తే చేప గిర్రున తిరిగి టేబుల్ మీద నుంచి కిందపడింది. మా మేడమ్ ఏమీ తిట్టలా, ఒక్క ప్రశ్న అడిగింది, దీని కింద ఎవరు కూర్చుంటారమ్మా అని. నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి చదివినప్పుడు నీ ఉత్తరం చివర్లో నువ్వు విసుక్కుంటా రాసిన ముక్క దగ్గర ఆగిపోయా. మీ అమ్మ రాత్రిపూట మిషన్ కుడతా సూదిలో దారం ఎక్కించేదానికి కూతురి ఫోన్ లైట్ అడుగుతుంది. నీ లాంప్ ఆడే ఉంది తల్లీ. మూడు స్కెచ్‌లు పక్కన పెట్టెయ్, చించబాక, అవి ప్రాసెస్ బుక్‌లో, అదే పని ఎట్టా సాగిందో రాసుకునే పుస్తకంలో కావాలి.

నువ్వడిగిన దానికి సూటిగా చెప్తా, మూడింట్లో ఏదీ వద్దు. రొయ్య ఆకారంలో లాంప్ చేస్తే అది లోపల లైటున్న రొయ్య బొమ్మ అవుద్ది. గాలిగోపురం ఇంకా కష్టం, అన్ని అంతస్తులు అట్టముక్కలతో కోసేసరికి మూడు వారాలు అయిపోతాయి, చివరికి చూసేవాళ్ళు భలే ఓపికమ్మా అంటారు, అంతే. పడవలో కొంచెం విషయం ఉంది, పడవకి పక్కటెముకలుంటాయి, అస్థిపంజరం మీద తొడుగు వెయ్యడం అనేది షేడ్ కట్టే పద్ధతి కూడా. ఇసాము నొగుచి అని శిల్పి, 1951 నుంచి జపాన్‌లో గిఫు ఊరి లాంతర్లు కట్టే పనోళ్ళతో కలిసి కాగితం దీపాలు చేశాడు, అకారి అంటారు వాటిని, చూసే ఉంటావు. చెక్కతో ఒక అచ్చు నిలబెట్టి దాని చుట్టూ సన్నటి వెదురు చుట్టి, పైన కంబళి చెట్టు జాతి బెరడుతో చేసిన కాగితం అతికించి, ఆరినాక లోపలి అచ్చుని ముక్కలు ముక్కలుగా ఊడదీసి బయటికి తీస్తారు. ఈ అచ్చు సంగతి గుర్తు పెట్టుకో, మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

మన ప్రాంతం కనపడాలి అన్నాడు కదా సార్, దాన్ని నువ్వు మన ప్రాంతపు బొమ్మ అని అర్థం చేసుకున్నావు. నేనైతే మన ఇళ్ళల్లో రాత్రిపూట జరిగే పని అనుకుంటా. 1958లో ఈమ్స్ దంపతులు, అమెరికా డిజైనర్లు, మన ప్రభుత్వానికి డిజైన్ గురించి ఒక రిపోర్టు ఇచ్చారు, దాని తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ అనే జాతీయ డిజైన్ కాలేజీ వచ్చింది, మీకు మొదటి సంవత్సరంలోనే చెప్పుంటారు. ఆ రిపోర్టులో వాళ్ళు దేశమంతా తిరిగి మెచ్చుకున్న వస్తువు చెంబు. ఎన్ని నీళ్ళు పడతాయి, నిండుగా ఉన్నప్పుడు ఎట్టా తూగుద్ది, ఖాళీగా ఉన్నప్పుడు ఎట్టా తూగుద్ది, చెయ్యి ఎంత, నడుం మీద ఎట్టా కూర్చుంటది, ఇట్టాంటి ప్రశ్నలన్నీ చెంబుని చూసి వేసుకున్నారు. నువ్వు మీ అమ్మ పక్కన ఒక రాత్రి నోట్‌బుక్ పెట్టుకుని కూర్చో, సాయం చెయ్యబాక, ఫోన్ లైటు కూడా ఇవ్వబాక, ఊరికే చూడు. గంటలో ఎన్నిసార్లు వంగింది, ఎప్పుడు కళ్ళు చికిలించింది, ఏ రంగు బట్టకి ఎక్కువ ఇబ్బంది పడింది, ట్యూబ్‌లైటు ఏ గోడకుంది, ఆమె నీడ ఆమె పనిమీదే పడతా ఉందా. నాకు తెలిసి పడతా ఉంటది, ఎందుకంటే మన ఇళ్ళల్లో మిషన్ని గోడకి ఆనించి వేస్తాం, ట్యూబ్‌లైటు వీపు వెనక ఉంటది, పని చేసే మనిషే తన వెలుగుకి అడ్డం.

ఇక కొలతలు. మిషన్ బల్ల నుంచి ఆమె కన్ను ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలువు, వంగి కుట్టేటప్పటి కొలత, నిటారుగా కూర్చున్నప్పటిది కాదు. ముప్పై అయిదు, నలభై సెంటీమీటర్ల మధ్య వస్తుందనుకుంటా. షేడ్ కింది అంచు దానికంటే కిందికి ఉండాల, బల్ల మీద నుంచి సుమారు ముప్పై సెంటీమీటర్లు అనుకో. కారణం ఏందంటే బల్బు కంటికి డైరెక్టుగా కనపడితే కంటిపాప ముడుచుకుంటది, అప్పుడు ఎంత వెలుగున్నా సూది బెజ్జం చీకటిగానే కనపడుద్ది. డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్‌సన్ అనే లాంపుల డిజైనర్ ఈ ఒక్క విషయం మీదే జీవితమంతా కూర్చున్నాడు, 1926 నాటి ఆయన మూడు రేకుల లాంప్‌లో ఎటు నుంచి చూసినా బల్బు కనపడదు, వెలుగు మాత్రం రేకుల మీద తగిలి కిందికి జారుద్ది. అదే లెక్కన 1958లో ఆర్టిచోక్ అని చేశాడు, పన్నెండు వరసల్లో డెబ్బై రెండు రేకులు. అంత అందం బల్బుని దాచే పనిలోంచి వచ్చింది. నువ్వు డెబ్బై రెండు కొయ్యబాక.

దగ్గర అన్నదానికి ఇంకో లెక్క కూడా ఉంది. చిన్న లైటు ఏదైనా సరే దూరం రెట్టింపు అయితే వెలుగు నాలుగో వంతుకి పడిపోద్ది. అరవై సెంటీమీటర్ల దూరంలో ఉన్న దాన్ని ముప్పైకి దించితే అదే బల్బు నాలుగు రెట్లు పనిచేస్తుంది. అందుకే పెద్ద బల్బు కొనే బదులు దగ్గరికి తెచ్చే లాంప్ చెయ్యాల. కానీ ఎప్పుడూ ముప్పైలోనే ఉంటే చీర ఫాల్ కుట్టేటప్పుడు, పెద్ద బట్ట తిప్పేటప్పుడు తలకి తగులుద్ది. అంటే ఏంది, కిందికి దిగాల, పైకి పోవాల, వదిలేస్తే వదిలేసిన చోటే నిలబడాల.

ఇది చదవంగానే నీకు మడత లాంప్ గుర్తొస్తుంది, స్ప్రింగులున్నది. దాన్ని 1932లో జార్జ్ కార్వార్డైన్ అని కార్ల సస్పెన్షన్ చేసే ఇంజనీరు కనిపెట్టాడు, లైటు బరువుని స్ప్రింగులు మోస్తాయి. ఆ స్ప్రింగులు మనకి సరిగ్గా కుదరవు, కొలత తప్పితే లైటు పైకి ఎగిరి కొడుద్ది. మనకి అంతకంటే పాత వస్తువు ఒకటుంది. ఏతం. బావి మీద పొడుగు దూలం, ఒక కొసకి బాన, రెండో కొసకి రాయి కట్టి ఉంటది, చెయ్యి ఆనిస్తే దిగుద్ది, వదిలితే లేస్తుంది. నువ్వు చూసుండవు, మీ నాయన చూసుంటాడు, లేదంటే తాతని అడుగు. నీ లాంప్ చిన్న ఏతం. ఒక కొసకి దీపం, రెండో కొసకి రాయి, మధ్యలో ఇరుసు. మన ప్రాంతం కనపడాలి అన్న సార్‌కి ఇంతకంటే ఏం కావాల, పైగా రొయ్యకి మల్లే ఊరికే బొమ్మలా ఉండదు, పని చేస్తుంది.

లెక్క కట్టు. షేడూ లైటూ కలిపి రెండొందల గ్రాములు అనుకో, ఇరుసు నుంచి నలభై అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంది. రెండో పక్క చెయ్యి పదిహేను సెంటీమీటర్లే ఉంటే ఆరొందల గ్రాముల రాయి కావాల, రెండొందలు ఇంటూ నలభై అయిదు, ఆరొందలు ఇంటూ పదిహేను, రెండూ తొమ్మిది వేలే. ఆరొందల గ్రాముల రాయి ఎంత ఉంటది అంటే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, అదే నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసేది, రెండు సెంటీమీటర్ల మందంలో పది బై పది ముక్క చాలు, దాదాపు సరిపోద్ది. గ్రానైట్ షాపుల బయట కిచెన్ గట్లు కోసినాక మిగిలిన ముక్కలు కుప్పలు పడుంటాయి, అడిగితే ఊరికే ఇచ్చేవాళ్ళు ఉంటారు. బెజ్జం మాత్రం నువ్వు వెయ్యబాక, ఆడే వాళ్ళ మిషన్ మీద నీళ్ళు పోస్తా వేయించుకో, ఇంట్లో మామూలు డ్రిల్లు పెడితే ముక్క పగులుద్ది. వెదురు చెయ్యికి కూడా బరువుంటది కాబట్టి లెక్క కాస్త అటూఇటూ అవుద్ది, అందుకని రాయిని ఒకేచోట బిగించకుండా ముందుకీ వెనక్కీ జరిపేటట్టు పెట్టుకో. ఇరుసు దగ్గర బోల్టుకి రెండు పక్కలా తోలు వాషర్లు వేసి రెక్కల నట్టుతో బిగిస్తే కాస్త పట్టు ఉంటది, ఫ్యాను గాలికి ఊగదు. పాత చెప్పు తోలు చాలు.

కింద బేస్‌కి కూడా అదే రాయి. ఇరవై బై ఇరవై ముక్క రెండు కేజీల పైనే తూగుద్ది. కానీ ఒక మాట, మిషన్ బల్ల మీద అంత జాగా ఉంటదా అనేది చూసుకో, పైగా తొక్కుడు మిషన్ అదురుద్ది, ఆ అదురు లాంప్‌కి ఎక్కితే వెలుగు వణుకుతా ఉంటది, తలనొప్పి. నాకైతే కిటికీ ఊచలకి గానీ గోడకి గానీ తగిలించేది మేలనిపిస్తుంది. మీ ఇంట్లో మిషన్ పక్కన కిటికీ ఉందో లేదో నువ్వు రాయలా. ఉంటే ఎడమ పక్క కిటికీయే నీ స్టాండు. ఎడమ పక్కే ఎందుకంటే కుట్టు మిషన్‌కి స్తంభం కుడి పక్క ఉంటది, సూది ఎడమ కొసన ఉంటది, కుడి నుంచి వెలుగొస్తే మిషన్ మెడ నీడంతా సూది మీద పడుద్ది. ఎడమ నుంచి, కాస్త ముందు నుంచి రావాల.

ఇరుసు చెక్కకి ఉదయగిరి ఆలోచించు. ఆడ చెక్క గరిటెలు, ఫోర్కులు చేస్తారు కదా, ఆ ఊరి వస్తువని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది, నర్ది లాంటి కొండ కర్ర, సన్నగా గట్టిగా ఉంటది. మీ ఊరి నుంచి బస్సెక్కి పోయొచ్చు. పోయి ఒక పూట కూర్చుని పని చూసి, నీ డ్రాయింగ్ చూపించి ఇరుసు ముక్కా పిడీ చేయించుకో, కూలి అడిగినంత ఇవ్వు, బేరం ఆడబాక. చేత్తో చేసింది అంటే అన్నీ నీ చేత్తోనే అని కాదు, ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో ప్రాసెస్ బుక్‌లో రాస్తే సార్ కాదనడు. చెయ్యికి వెదురు వాడితే ముదురు వెదురు తీసుకో, మేదరోళ్ళని అడిగితే ముదురో లేతో వాళ్ళే చెప్తారు, కొన్నాళ్ళు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిందైతే పుచ్చు తొందరగా పట్టదు. పచ్చి వెదురు తెచ్చి చేస్తే జ్యూరీ నాటికే, అదే సార్‌లు చూసి మార్కులేసే రోజుకే పగుళ్ళొస్తాయి, కింద పసుప్పచ్చ పిండి రాలుద్ది.

ఇక షేడ్. అసలు సంబరం ఇక్కడే ఉంది. మీ అమ్మ బుట్ట చూడు. జాకెట్ల లైనింగ్ ముక్కలు, రూబియా ముక్కలు, కాలర్లకి వేసే బక్రం, ఇవన్నీ పారేసేవే కదా. బక్రం అంటేనే గట్టిగా నిలబడేదానికి పుట్టిన గుడ్డ. ఇందాక అచ్చు గుర్తు పెట్టుకోమన్నా కదా, నీకు చెక్క అచ్చు అక్కర్లా, వంటింట్లో వెడల్పు మూతి స్టీలు గిన్నె బోర్లించు. మూతి కంటే పొట్ట పెద్దదిగా ఉండే గిన్నె వద్దు, ఆరినాక బయటికి రాదు. గిన్నె మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ముక్కలు ముంచి పిండి ఒకదాని మీద ఒకటి ఎక్కించు, మొదటి పొర తెల్ల రూబియా, రెండోది బక్రం, మూడోది నీకిష్టమైన రంగు ముక్కలు. మైదా జిగురు కూడా బాగానే పడుద్ది, కానీ బొద్దింకలు తింటాయి, వెనకటికి అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళు, అది విషం, నీకెందుకు. ఎండలో ఒక పూట పెడితే చాలు మన ఎండలకి, కానీ సగం ఆరినప్పుడే అంచు కత్తిరించు, పూర్తిగా గట్టిపడితే కత్తెరకి లొంగదు.

లోపలి పొర తెలుపే ఉండాల, ఇది మాత్రం మార్చబాక. లోపల రంగు గుడ్డ పెడితే వెలుగుకి ఆ రంగు అంటుకుంటది, ఎర్ర లైనింగ్ ఉన్న షేడ్ కింద ఆకుపచ్చ దారం నల్లగా కనపడుద్ది. దర్జీకి అది పనికిరాని లాంప్. బయటి పొర రంగులు ఎట్టా కనపడతాయో ముందే చూసుకునేదానికి ఫోన్ టార్చి మీద ముక్కలు కప్పి చీకట్లో చూడు, ఒక పొర, రెండు పొరలు, మూడు పొరలు. పగలు అందంగా ఉన్న ముక్క లైటు పెట్టంగానే బురదరంగుకి తిరగొచ్చు, పగలు ఏమీ లేని పాత కాటన్ ముక్క వెలుగులో నేత పోగుతో సహా లేచి నిలబడొచ్చు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల వాళ్ళు ఇప్పుడు లాంప్ షేడ్‌లు కూడా చేస్తారు, ఆ బొమ్మల నగలన్నీ గీసినవి కాదు, పొడిచిన బెజ్జాలు. వెలుగే నగ అవుద్ది. నువ్వు కూడా షేడ్ మీద వరసగా బెజ్జాలు పెట్టి వాటికి కాజాలు కుట్టించుకోవచ్చు, మీ అమ్మకంటే బాగా ఎవరు కుడతారు, పైగా వేడి పోయేదానికి దారి కూడా అవుద్ది. కాజాలు షేడ్ పై భాగంలోనే పెట్టు, కంటి వైపు పెడితే గుచ్చుకుంటది.

కాకిబంగారం కూడా నా మనసులో మెదిలింది, చెప్పకుండా ఉండలేను. సైదాపురం వైపు గనుల అబ్రకం, లేత ఆకుపచ్చ ఛాయ ఉంటది, మన నెల్లూరు మైకా అంటే ఒకప్పుడు పెద్ద పేరు. పొరలు పొరలుగా ఊడుద్ది, వెలుగుని పోనిస్తుంది, వేడికి బెదరదు, కరెంటుని ఆపుద్ది, అందుకే ఇస్త్రీపెట్టెల్లో వాడేవాళ్ళు. పొరల్ని లక్కతో అతికించి చేసిన షేడ్‌లు తేనెరంగులో వెలుగుతాయి, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ నీ మూడు వారాల్లో వద్దు, ఆ ముక్కలు రుద్దడం, అరగదీయడం చేస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వచ్చే సెమిస్టర్‌కి దాచుకో.

వైరింగ్ భయం అన్నావు, భయం ఉండటం మంచిదే. ఈ లాంప్‌కి 230 వోల్టులు లోపలికి తేవాల్సిన పనే లేదు. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్, 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరు, రెండూ నెల్లూర్లో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. కరెంటంతా అడాప్టర్ దగ్గరే ఆగిపోద్ది, నీ వెదురులోంచి పోయేది 12 వోల్టులే. మీటరుకి అరవై లైట్లుండే రకంలో అర మీటరు తీసుకుంటే చాలు, సుమారు ఏడు వాట్లు. కత్తిరించేటప్పుడు మూడు లైట్లకొకసారి కత్తెర గుర్తు ఉంటది, ఆ గీత మీదే కత్తిరించు, పక్కన కోస్తే ఆ మూడూ వెలగవు. ఎర్ర వైరు ప్లస్, నల్లది మైనస్, తిరగేస్తే వెలగదు, అంతే. స్ట్రిప్‌ని గుడ్డకి నేరుగా అతికించబాక, పాలపొడి రేకు డబ్బా అడుగు కోయించి దాని మీద చుట్టలాగా అతికించు, ఆ రేకు వేడి లాగేస్తుంది. రేకు అంచులు పదును, మడిచి కొట్టించు.

స్ట్రిప్‌తో ఒక తిరకాసుంది, ఎవరూ చెప్పరు ఇది. ముప్పై చిన్న లైట్లు అంటే సూదికి ముప్పై నీడలు. సన్నటి పనిలో అది కళ్ళకి చిరాకు. షేడ్ మూతికి కాస్త లోపలగా బటర్ పేపర్ గానీ ట్రేసింగ్ పేపర్ గానీ రింగుకి అతికించి పెట్టు, లైట్లకీ కాగితానికీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లు ఉండాల, దగ్గరైతే చుక్కలు చుక్కలుగానే కనపడతాయి. ఆ రింగు ఊడొచ్చేటట్టు చెయ్యి. ఎందుకో తెలుసా, వానాకాలం ఉసుళ్ళు. తొలకరి పడిన రాత్రి లైటు వేస్తే షేడ్ నిండా రెక్కలే, మూసేసిన లాంప్ అయితే లోపల చచ్చి నల్లగా పేరుకుంటాయి, బల్లి కూడా వచ్చి కాపురం పెడుద్ది. విదిలించుకునే దారి లేని షేడ్ మన ఊళ్ళల్లో ఒక్క వాన కూడా తట్టుకోదు. ఇంటర్నెట్లో చూసే అందమైన లాంపులు చాలావాటికి ఈ సంగతి తెలీదు.

రంగు గురించి. షాపువాడు వార్మ్ కావాలా వైట్ కావాలా అంటాడు. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెప్తారు, 2700, 3000 కెల్విన్ పసుపు వెలుగు పడగ్గదికి హాయి, దారం మ్యాచింగ్‌కి పనికిరాదు, నేవీ బ్లూకీ నలుపుకీ తేడా తెలీదు. 6500 అయితే రాత్రి పదకొండింటికి ఆసుపత్రిలో కూర్చున్నట్టుంటది. 4000 అడుగు, దొరక్కపోతే రెండు రోజులు ఆగైనా తెప్పించుకో. దాంతోపాటు సీఆర్ఐ అని ఉంటది, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, నూటికి. మామూలు వాటికి ఎనభై ఉంటది, తొంభై పైన దొరికితే పదీపరకా ఎక్కువైనా అదే కొను. నీ బడ్జెట్లో పెద్ద ఖర్చు ఇదీ అడాప్టరే, మిగతాదంతా మిగులు ముక్కలే కదా.

ఒకవేళ మీ సార్ మామూలు బల్బే ఉండాలి అంటే, అప్పుడు 5 వాట్ల ఎల్ఈడీ బల్బు, బేకలైట్ హోల్డరు, ఐఎస్ఐ గుర్తున్న వైరు. పాత రకం వేడి బల్బు గుడ్డ షేడ్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వైరు లోపలికి పోయే బెజ్జానికి రబ్బరు గ్రొమెట్, అదే అంచుకి వైరు కోసుకోకుండా వేసే రింగు, వెయ్యి, లోపల వైపు వైరుకి ముడి వెయ్యి, ఎవరైనా కాలుతో లాగినా ఆ లాగుడు ముడి దగ్గరే ఆగాల, స్క్రూల దాకా పోకూడదు. స్విచ్చి ఫేజ్ వైరులోనే పడాల. ఇనుప స్టాండు అయితే మూడు పిన్నుల ప్లగ్గూ ఎర్తింగూ తప్పదు. ప్లగ్గు పెట్టేముందు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించు, దీంట్లో మొహమాటం వద్దు. ఏ రకం చేసినా మూడు గంటలు వెలిగించి దగ్గర కూర్చో, షేడ్ పై భాగం చేత్తో తాకు, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి వెనక్కి లాగాలనిపిస్తే పైన బెజ్జాలు పెంచు.

టైమ్ సంగతి. మొదటి మూడు రోజులు చూడటం, కొలవడం. తర్వాత అట్టముక్కలు, చీపురు పుల్లలు, ఫోన్ టార్చితో అసలు సైజులో డమ్మీ ఒకటి చెయ్యి, అందంగా ఉండక్కర్లా, మిషన్ పక్కన కట్టి మీ అమ్మని రెండు రాత్రులు కుట్టమను. ఆమె తిట్టినవన్నీ రాసుకో, ఆ తిట్లే నీ డిజైన్ బ్రీఫ్, అంటే లాంప్ ఏమేం చెయ్యాలో చెప్పే కాగితం. దింపేటప్పుడు ఏ చెయ్యి వాడుతుంది, ఎక్కడ పట్టుకుంటుంది, పిడి ఆడ పెట్టు. రెండో వారం ఉదయగిరి, గ్రానైట్ షాపు, గిన్నె మీద షేడ్. షేడ్ కనీసం రెండు చెయ్యి, మొదటిది ఖాయంగా పాడవుద్ది. మూడో వారం బిగించడం, మళ్ళీ ఆమెతో వాడించడం. దారం ఎక్కించేదానికి పాత లైటులో ఎన్ని సెకన్లు పట్టింది, దీంట్లో ఎన్ని, పదేసి సార్లు ఫోన్లో టైమ్ పెట్టి రాసుకో. జ్యూరీలో మిగతా పిల్లకాయలు ఇన్‌స్పిరేషన్ గురించి మాట్లాడతా ఉంటే నువ్వు ఆ కాగితం బల్ల మీద పెట్టొచ్చు. పాడైన షేడ్ కూడా పక్కనే పెట్టు, దాచబాక.

మార్కులు పడినాక లాంప్‌ని కాలేజీలో వదిలి రాబాక, డిస్‌ప్లేకి ఉంచమంటారు, ఆర్నెల్ల తర్వాత స్టోర్‌రూమ్‌లో దుమ్ము కొట్టుకుని ఉంటది. ఫోటోలు వాళ్ళకిచ్చి వస్తువు ఇంటికి తెచ్చుకో.

మీ నాయన మాట మాత్రం తప్పేం కాదు, ఆయనకి నువ్వు చేసేది బల్బు బిగించడంగానే కనపడతా ఉంది. వాదించబాక. డమ్మీ కట్టిన రోజు రాయి ఎక్కడ కట్టాలో నీకు కుదరనట్టు పెట్టి, నాయనా ఏతానికి రాయి ఎట్టా కట్టేవాళ్ళు, జారకుండా ఏ ముడి వేసేవాళ్ళు అని అడిగి చూడు. నిజంగానే నీకు తెలీదు కదా ఆ ముడి, నాకూ తెలీదు. ఆయన చూపిస్తే ఫోటో తీసి నాకు కూడా పంపించు.